పిల్లల జ్ఞాపకాలకు ఒరవడి

(విజయవాడలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, సామాజిక కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థుల చేత వారి సొంత జ్ఞాపకాలను వ్రాయించడం ఎలా అన్న విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. హక్కుల గురించి చర్చించే వేదికపై ఇది కొంత తేలిక విషయంగా కనిపించవచ్చు. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు వంటి పెద్ద సమస్యలు ఉండగా పిల్లల వ్యాసరచన ఎందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా గుమాస్తా ఉద్యోగపు అనుభవం నుంచే సమాధానం చెబుతాము.

మూడు దశాబ్దాలకు పైగా మేము దస్త్రాల మధ్య గడిపాము. దస్త్రంలో ఒక కుటుంబం అంటే ఒక వరుస. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, వార్షికాదాయం. అంతటితో గడులు అయిపోతాయి. అందులోనూ మన పేర్లకు పట్టే గతి మీకు తెలియనిది కాదు. ఇంటిపేరు గడిలో షేక్ అని వ్రాస్తారు. వీధిలో సగం మందికి అదే ఇంటిపేరు. 'వలీ' ఒక కార్డులో వల్లి అవుతుంది, ఇంకొక కార్డులో వాలి అవుతుంది. ఒకే తల్లి ఒక చోట బీ, మరొక చోట బేగం, ఇంకొక చోట బీబీ. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకోవడానికి ఆమె అఫిడవిట్ పట్టుకొని తిరగాలి.

లెక్కలు వద్దని మేము అనడం లేదు. 2005 మార్చిలో నియమితమైన సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక లేకపోతే మన వెనుకబాటును నలుగురి ముందు పెట్టడానికి మనకు ఆధారమే ఉండేది కాదు. 2007లో వచ్చిన బీసీ-ఇ చట్టం అత్తరు సాయిబులను, గారడీ సాయిబులను, తురక కాశలను, ఫకీరులను, మరికొన్ని వర్గాలను జాబితాలో చేర్చి 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ఆ జాబితా వల్లనే ఈనాడు మన పిల్లల్లో కొందరు ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లో చదువుతున్నారు. అయితే ఆ జాబితాలో ఉన్నది ఒక్కొక్క పేరు మాత్రమే. అత్తరు సాయిబు పెట్టె తీసుకొని తెల్లవారకముందే ఏ బస్సెక్కుతాడు, ఏ ఊరిలో అతనికి మంచినీళ్లు ఇస్తారు, ఏ ఊరిలో గుమ్మం దాకా రానివ్వరు, అతని కూతురు ఎనిమిదో తరగతిలో చదువు ఎందుకు మానింది అన్న సంగతులు ఏ షెడ్యూలులోనూ ఉండవు. అవి తెలిసినది ఆ కూతురికే. ఆమె చేత వ్రాయించకపోతే ఆమె గురించి ఎవరో వ్రాస్తారు. లేదా ఎవరూ వ్రాయరు.

ఇక పిల్లలు వ్రాస్తున్నది ఏమిటో చూద్దాం. మేము కొందరం కలిసి ఆదివారాలు పిల్లలకు చదువు చెబుతున్నాము. ఇంట్లో జరుపుకొనే పండుగ గురించి వ్రాయమంటే వించిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి సంక్రాంతి వ్యాసం వ్రాసి ఇచ్చింది. హరిదాసు, గొబ్బెమ్మలు, గంగిరెద్దులు అన్నీ వరుసగా ఉన్నాయి. అక్షర దోషం ఒక్కటి లేదు. సంక్రాంతిపై మనకు పేచీ ఏమీ లేదు. ఈ డెల్టాలో పంట ఇంటికి వచ్చిన సంతోషం అందరిదీ. కానీ రంజాను నాడు తెల్లవారుజామున వాళ్ల ఇంట్లో సేమ్యా ఎవరు వండారు, కొత్త బట్టలు ఎవరికి వచ్చాయి, ఎవరికి రాలేదు అన్నది వ్రాయదగిన విషయమని ఆ అమ్మాయికి తోచనే లేదు. ఎందుకు తోచలేదంటే, అటువంటిది అచ్చులో ఆమె ఎన్నడూ చూడలేదు. చూడని దానిని ఎవరూ వ్రాయలేరు. ఈనాటి మా ప్రసంగమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే.

మన పాత వీధి బడులలో ఒరవడి అని ఉండేది. పంతులు గారు పలక పైభాగాన ఒక వరుస అందంగా వ్రాసి ఇచ్చేవారు. పిల్లవాడు దానిని చూస్తూ కింద దిద్దేవాడు. కొన్నాళ్లకు అతని చేతికి తనదైన వ్రాత వచ్చేది. పదిమంది ఒకే ఒరవడి దిద్దినా పదిమంది దస్తూరీ ఒకటిగా ఉండదు కదా. అమెరికా బడులలో కొంతకాలంగా 'మెంటర్ టెక్స్ట్' అనే పేరుతో చేస్తున్నది ఇంచుమించు ఇదే. అక్షరాలకు బదులు అక్కడ రచనను ఒరవడిగా పెడతారు. మంచి రచయిత వ్రాసిన ఒక పుటను తీసుకొని, అతను ఆ పని ఎలా చేశాడో పిల్లలతో కలిసి పరిశీలించి, ఆ తీరులో వారి సంగతి వారి చేత వ్రాయిస్తారు. పేరు కొత్తదే, పద్ధతి మనకు తెలిసినదే.

మేము మొదట వాడే ఒరవడి అబ్దుల్ కలాం గారి ఆత్మకథ. 1999లో ఆంగ్లంలో వెలువడిన 'వింగ్స్ ఆఫ్ ఫైర్'కు 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో తెలుగు అనువాదం ఉంది. అందులో రామేశ్వరం బడిలో జరిగిన ఒక సంగతి వస్తుంది. అయిదో తరగతిలో కలాం ముందు బెంచీలో కూర్చునేవారు. తలపై టోపీ. పక్కన ఆలయ అర్చకుని కుమారుడు రామనాథశాస్త్రి, ఒంటిపై జంధ్యం. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు వారిద్దరూ పక్కపక్కన కూర్చోవడం సహించలేక కలాంను వెనుక బెంచీకి పంపుతాడు. ఈ పుటను మేము రెండుసార్లు చదివి వినిపిస్తాము. మొదటిసారి ఊరకే వినమంటాము. రెండవసారి చదివాక ప్రశ్నలు వేస్తాము. ఎవరు ముస్లిం, ఎవరు కాదు అన్నది రచయిత మనకు ఎలా తెలిపాడు? టోపీ, జంధ్యం అని పిల్లలే చెబుతారు. అవమానం జరిగిందని ఎన్ని వాక్యాలలో వాపోయాడు? వాపోలేదని గమనిస్తారు. వెనుకకు వెళుతున్నప్పుడు అతని మనసులో నిలిచిపోయినది ఏమిటి? తన బాధ ఒక్కటే కాదు, ముందు బెంచీలో ఏడుస్తున్న స్నేహితుని ముఖం. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి తరగతి కొంతసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. తరువాత ఆ అర్చకుడు ఉపాధ్యాయుణ్ణి పిలిపించి మందలించడం, ఉపాధ్యాయుడు మారడం కూడా అదే పుస్తకంలో ఉన్నాయి. వాటిని వదలకుండా చదవాలి. గాయం వరకే చదివి పుస్తకం మూసేవారు ఆ రచయితకు న్యాయం చేయనట్లే.

పుస్తకం మూసి, పావుగంట సమయం ఇచ్చి, బడిలో మీరు కూర్చునే చోటు గురించి వ్రాయండి అంటాము. అంతే. వివక్ష గురించి వ్రాయండి అని అనము. అలా అంటే పిల్లలు మనకు నచ్చేది వ్రాస్తారు.

ఒరవడి వల్ల పిల్లలు కాపీ కొడతారు కదా అని ఉపాధ్యాయులు అడుగుతుంటారు. కొడతారు. కలాం గారు చిన్నతనంలో చింతగింజలు ఏరి దుకాణంలో అమ్మిన ఘట్టం చదివిన వారం భవానీపురం పిల్లవాడొకడు తాను కూడా చింతగింజలు అమ్మానని వ్రాశాడు. తరగతి అంతా నవ్వింది, వాడూ నవ్వాడు. నువ్వు నిజంగా ఏమి అమ్మావురా అని అడిగితే, రంజాను నెలలో అన్నతో కలిసి మసీదు దగ్గర సమోసాలు అమ్మినట్లు చెప్పాడు. మరుసటి వారం అదే వ్రాశాడు. ఉపవాసంతో ఉండి నూనె వాసన చూస్తూ సాయంత్రం దాకా నిలబడడం ఎలా ఉంటుందో ఆ పుటలో ఉంది. మిగిలిన సమోసాలను లెక్కపెట్టి, ఎన్ని మిగిలితే అమ్మ ముఖం ఎలా ఉండేదో కూడా వ్రాశాడు. చింతగింజలు దిద్దకపోతే ఆ సమోసాల దాకా వచ్చేవాడు కాదు.

తెలుగులో మనకు దగ్గరి ఒరవడి మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు'. 1999లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు సీమ పలుకుబడిలో, ఒక ముస్లిం పిల్లవాడు తన ఇంటిని, వీధిని, బడిని, ఇంట్లోని లేమిని నవ్వుతూ చెప్పుకుపోయే కథలవి. అంతకు ముందే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు చిత్తూరు పల్లె బాల్యాన్ని అక్కడి మాటల్లోనే వ్రాసి ఒక దారి వేసి ఉంచారు. పెద్ద రచయితలకు కూడా ముందు నడిచినవారు ఉంటారని పిల్లలకు చెప్పడానికి ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూపుతాము. 2004లో స్కైబాబ గారి సంపాదకత్వంలో వచ్చిన ముస్లిం కథల సంకలనం 'వతన్', సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ గారి 'జుమ్మా' పెద్ద తరగతుల వారికి ఇవ్వవచ్చు. ఆడపిల్లలకు షాజహానా గారి కవితా సంపుటి 'నఖాబ్' ఇవ్వాలి. కొందరు పెద్దలకు ఆ పుస్తకం నచ్చకపోవచ్చు. నచ్చని పుస్తకం ఇంట్లో ఉండడం వల్ల ఇల్లు పాడైన దాఖలాలు మా ఉద్యోగ కాలంలో ఏ దస్త్రంలోనూ మాకు తగలలేదు.

ఒరవడి మనవారిదే కానక్కరలేదు. వినుకొండలో పుట్టిన జాషువా గారు తన జీవితాన్ని పద్యాలలో 'నా కథ'గా చెప్పుకొన్నారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఒక వైదిక కుటుంబపు పిల్లవాని లోకం. మన ఇళ్లకు ఎంతో దూరం. అయినా ఇంటి మాటను ఇంటి మాటగానే వ్రాయడంలో ఆయన కంటే మంచి గురువు దొరకడు. షికాగో నగరంలో మెక్సికన్ కుటుంబంలో పుట్టిన సాండ్రా సిస్నెరోస్ 1984లో ప్రచురించిన 'ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' నవలే అయినా, అందులో ఒక బాలిక తన పేరు గురించి చెప్పే చిన్న అధ్యాయం మాకు ఎంతో ఉపకరించింది. ఆ పేరు ఎవరిది, బడిలో దానిని ఎలా పలుకుతారు, ఆ పేరు తనకు ఇష్టమా కాదా అని ఆ పిల్ల చెబుతుంది. దానిని తెలుగులో వివరించి చెప్పి, మీ పేరు గురించి వ్రాయండి అన్నాము. ఆ రోజు వచ్చినన్ని మంచి పుటలు మరే రోజూ రాలేదు. చనిపోయిన మేనత్త పేరు పెట్టుకొన్న అమ్మాయి ఒకరు, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే దాదీమా ఏడుస్తుందని తనను అందరూ మున్నీ అంటారని వ్రాసింది. రిజిస్టరులో తప్పుగా పడిన పేరునే తన పేరుగా అలవాటు చేసుకొన్న పిల్లవాడు ఒకడు. గుమాస్తా ఉద్యోగం చేసిన మాకు ఈ పుటలు చదవడం అంత సులభంగా లేదు.

ఉర్దూ చదవగల ఇళ్లలో మౌలానా ఆజాద్ 'గుబారె ఖాతిర్' ఉంటే బయటకు తీయండి. 1942లో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండి, పంపడానికి వీలులేని ఉత్తరాలను ఒక మిత్రునికి వ్రాస్తూ పోయారు ఆయన. దేశమంతా ఉడుకుతున్న సమయంలో అంతటి నాయకుడు వేటి గురించి వ్రాశారు? తాను కాచుకొనే తేనీటి గురించి, గదిలో గూడు కట్టే పిచ్చుకల గురించి. ఆయన జైలులో ఉండగానే 1943లో భార్య జులేఖా బేగం మరణించారు. ఆ దుఃఖం కూడా ఆ ఉత్తరాలలోనే ఉంది. పిచ్చుకను శ్రద్ధగా చూసిన కలానికి ఆ దుఃఖాన్ని చెప్పే అర్హత వచ్చిందని మాకు అనిపిస్తుంది. పిల్లలతో ఈ మాట అనము. పిచ్చుకల గురించి మాత్రం చదివి వినిపిస్తాము.

చిన్న వస్తువుతో మొదలుపెట్టించడం అందుకే ముఖ్యం. ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేసే తండ్రి గురించి ఒక పిల్లవాడు మొదట 'మా నాన్న కష్టజీవి' అని వ్రాశాడు. ఈ మాట ఎవరి నాన్నకైనా సరిపోతుంది. నాన్న ఇంటికి వచ్చాక మొదట ఏమి చేస్తాడు అని అడిగాము. గోళ్ల సందుల్లో గ్రీజు ఉంటే వజూకు నీరు తగలదని, మగ్రిబ్ అజాన్ లోపల కిరోసిన్ గుడ్డతో, ఆపైన సబ్బుపొడితో చేతులు రుద్దుకొంటాడని, చలికాలంలో చర్మం పగిలి రక్తం వస్తుందని చెప్పాడు. అదే వ్రాయమన్నాము. ఇప్పుడా పుటలో 'కష్టజీవి' అన్న మాట లేదు.

భాష విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటుంది. కానీ మన ఇళ్లలో మాట్లాడేది పుస్తకాల ఉర్దూ కాదు. 'నక్కో', 'కైకూ' అనే మన మాటను ఉర్దూ పండితులూ మెచ్చరు, తెలుగు పండితులూ ఎరుగరు. పిల్లవాడు రెండు వైపులా తప్పు పట్టించుకొని చివరకు ఇంగ్లీషు మీడియంలో మూగవాడవుతాడు. మేము పాటించే పద్ధతి ఇది: కథనం తెలుగులో ఉండాలి, అమ్మ మాట అమ్మ అన్నట్లే తెలుగు లిపిలో ఉండాలి. 'పానీ మే నక్కో జా రే' అని తల్లి అరిస్తే 'నీటిలోనికి వెళ్లవద్దు నాయనా' అని మార్చకూడదు. అర్థం కాని పాఠకుడు పక్కింటి సాయిబును అడిగి తెలుసుకొంటాడు, అదీ మంచిదే. ఇక నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగే. ఉర్దూ రాదు కనుక మీరు ముస్లింలేనా అని వారి పిల్లలను అడిగే అలవాటు మనలోనే ఉంది. దూదేకే విల్లు తాతగారి భుజంపై ఎలా మోగేదో వ్రాసిన పిల్లవాణ్ణి ఆ ప్రశ్న అడిగేవారు మా తరగతి గడప తొక్కవద్దని మనవి.

తెలుగు చేతివ్రాత అసలే రానివారు ఫోనులో చెప్పి రికార్డు చేస్తారు. అక్కో అన్నో వ్రాసి పెడతారు. అక్షర దోషాలు చివరి దశలో దిద్దుతాము. మొదటి పుటపై ఎర్ర సిరా పడితే రెండవ పుట రాదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట. ఇంటి గుట్టు బయట పెట్టించడం తగునా అని తండ్రులు అడుగుతున్నారు. ఇజ్జత్ అన్నది మనకు చిన్న విషయం కాదు. వడ్డీ అప్పు గురించి పిల్లవాడు వ్రాసిన పుట చూసి ఒక తండ్రి నోటుబుక్కు చించేశాడు. ఆయనపై మాకు కోపం లేదు. మనం పెట్టుకొన్న కట్టుబాట్లు ఇవి: నోటుబుక్కు పిల్లలది. వారు చదవమంటేనే చదువుతాము. పిల్లలు, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఒక్క వాక్యం కూడా ఏ పత్రికకూ వెళ్లదు. పేర్లు, వీధులు మార్చుకోవచ్చు. ఏ పిల్లవాడైనా తనకు హాని జరుగుతున్నదని వ్రాస్తే దానిని రచనగా చూడము. ఆ రోజే నమ్మకమైన పెద్దవారికి చేరవేస్తాము.

కార్యకర్త మిత్రులకు కూడా ఒక మాట. మన కరపత్రాలకు, ధర్నాలకు పిల్లల కన్నీళ్లు ముడిసరుకు కావు. ఫలానా ఘటనపై ఒక పిల్లవాని చేత వ్రాయించి ఇవ్వండి, వినతిపత్రానికి జతపరుస్తాము అని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. ఇవ్వలేదు, ఇవ్వము. ముస్లిం పిల్లవాని జ్ఞాపకమంటే అవమానమే అయి ఉండాలని ఎదురుచూడడం కూడా వానిని ఒక గడిలో పెట్టడమే. మా దగ్గర ఉన్న పుటలలో ఎక్కువ భాగం పతంగులు, కోడిపుంజు, కొత్త చెప్పులు, నానీమా చేతి బిర్యానీ.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచింది. తరువాత వచ్చిన గణన ఫారాలలో అంతస్తుల లెక్క ఉంది: మునిగిన కింది అంతస్తుకు 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000 రూపాయలు. అవసరమైన లెక్కే. మా అమ్మాయిలలో ఒకరు అటకపై ఏమేమి పెట్టారో వ్రాసింది. ముందు గుడ్డలో చుట్టిన ఖురాన్, తరువాత ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు, ఆ తరువాత బియ్యం. నానీమా ఉర్దూలో వ్రాసుకొన్న దువాల నోటుబుక్కు దిండు కింద ఉండిపోయింది. మేడపై ఎదురింటివారు పాలు కాచి ముందు తమ్ముడికి ఇచ్చారు. ఆ నోటుబుక్కు నష్టం ఏ ఫారంలో ఏ గడిలో వ్రాయాలో మాకు తెలిసిన నిబంధనలలో లేదు. 1944 మార్చిలో లండన్ రేడియోలో ఒక డచ్చి మంత్రి, ప్రజల డైరీలను, ఉత్తరాలను యుద్ధానంతరం సేకరిస్తామని ప్రకటించాడు. రహస్య గదిలో దాగి ఉన్న ఆన్ ఫ్రాంక్ అది విని తన డైరీని మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. అడిగేవారు ఉన్నారని తెలిస్తే పిల్లలు వ్రాస్తారు. అడగవలసినది మనం.

పిల్లలకంటే తొందరగా అడగవలసినవారు మరికొందరు ఉన్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవారు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఆనాడు పదేళ్ల పిల్లలు ఈనాడు మా వయసువారు. వేసవి సెలవులలో పిల్లలను నోటుబుక్కుతో వారి దగ్గరకు పంపండి. ఉప్పెన గురించి చెప్పండి అని అడిగితే పత్రికలలో వచ్చినదే చెబుతారు. ఆ రోజు పొయ్యి మీద ఏముంది, ఏ చెట్టు పట్టుకొన్నారు, పక్కన ఎవరున్నారు, తెల్లవారి మొదట ఎవరి గొంతు వినిపించింది అని అడగమనండి. చెప్పలేక ఆగిపోతే నోటుబుక్కు మూసి, మంచినీళ్లు ఇచ్చి, మరొక రోజు వెళ్లాలి. మొదటి రోజే అంతా చెప్పించాలని చూడవద్దు.

ఆదివారం తరగతి అసర్ నమాజు తరువాత గంటన్నర సేపు ఉంటుంది. రెండు వందల పుటల నోటుబుక్కు, పెన్ను చాలు. చదువు రాని తల్లులు కూడా రావచ్చు. వారు చెబితే పిల్లలే వ్రాస్తారు. ఒరవడి పుటల జిరాక్సులు బయట బల్లపై ఉన్నాయి, ఉచితంగా తీసుకోండి. 'దర్గామిట్ట కతలు' మాత్రం మా దగ్గర రెండే ప్రతులు ఉన్నాయి. తీసుకొన్నవారు రిజిస్టరులో సంతకం చేసి, పక్షం రోజులలో తిరిగి ఇవ్వాలి. రిజిస్టరులో పేరు మీరే వ్రాసుకోండి, మీరు పలికేటట్లుగా.